హైడ్రైడ్‌లో హైడ్రోజన్ దాచాలంటే: పొడి నానో చెయ్యాలా, డోపింగ్ చెయ్యాలా, అసలు లోహమే మార్చాలా

మా మేనల్లుడిది పర్లాకిమిడి, ఎమ్మెస్సీ ఫైనలియర్. పోయిన నెల బరంపురం వచ్చి రెండ్రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు, వచ్చిన దగ్గర్నించీ ఒకటే గోల. "మావయ్యా, ప్రాజెక్టుకి మెటల్ హైడ్రైడ్స్ తీసుకున్నాను, మా సార్ నానో చెయ్యమన్నారు, సీనియర్లు డోపింగ్ చెయ్యమంటున్నారు, నన్ను ఏటి చెయ్యమంటావు?" నేను ఈ పొడుల మధ్య అయిదేళ్ళు గడిపినోణ్ణి, ఇప్పుడు డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకుంటున్నాను, కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్టు వైపు మన తెలుగు పిల్లలు చాలామంది ఇలాంటి ప్రాజెక్టులే తీసుకుంటున్నారు, అందరికీ ఇదే డౌటు. హైడ్రైడ్ అంటే హైడ్రోజన్‌ని తనలో పట్టుకున్న లోహం, వేడి చేస్తే వదులుతుంది. నానో అంటే దాని పొడిని మహా సన్నం చెయ్యడం, డోపింగ్ అంటే దాన్లో ఇంకో పదార్థం కొంచెం కలపడం.

ముందుగా ఒక్కటి తేల్చుకోండి. హైడ్రోజన్ మీకు ఏ వేడి దగ్గర బయటికి రావాలి, ఆ వేడి మీ దగ్గర ఎక్కణ్ణించి వస్తుంది. నానోనా డోపింగా అన్న ప్రశ్న దీని తర్వాతే. ఇది అడక్కుండా మొదలుపెట్టిన ప్రాజెక్టులు నేను చాలా చూశాను, ఆర్నెల్లు పోయాక మెగ్నీషియం హైడ్రైడ్ 300 డిగ్రీలు అడుగుతోంది సార్ అని తల పట్టుకుంటారు, అది మొదటి రోజు నించీ అడుగుతూనే ఉంది.

అసలు లోహంలో దాచడం ఎందుకంటే, హైడ్రోజన్ బరువు లేదు గానీ చోటు తెగ తింటుంది. 700 బార్లకి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషరంత) నొక్కితే లీటరుకి సుమారు 40 గ్రాములు, మైనస్ 253 డిగ్రీలకి చల్లబరిచి ద్రవం చేస్తే 71 గ్రాములు. అదే మెగ్నీషియం హైడ్రైడ్ గట్టి ముద్దలో లీటరుకి 110 గ్రాములు పడుతుంది, లాంథనం నికెల్ హైడ్రైడ్‌లోనూ దాదాపు అంతే. అంటే ద్రవం కన్నా ఎక్కువ, అదీ పెద్ద ప్రెషర్ లేకుండా. ఇబ్బంది చోటుతో కాదు, బరువుతోనూ వేడితోనూ.

ఇప్పుడు లోహాల సంగతి. మన వాళ్ళు ప్రాజెక్టుకి తీసుకునేవి ముఖ్యంగా నాలుగు. మెగ్నీషియం హైడ్రైడ్‌లో బరువులో 7.6 శాతం హైడ్రోజన్, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఒక్కో మోల్ (అంటే 2 గ్రాముల) హైడ్రోజన్ వదలడానికి 75 కిలోజౌల్స్ వేడి అడుగుతుంది, ఒక బార్ ప్రెషర్ రావాలంటే 300 డిగ్రీల దాకా వెళ్ళాలి. లాంథనం నికెల్ ఫైవ్‌లో (ఒక లాంథనానికి అయిదు నికెల్ ఉన్న మిశ్రమం) 1.4 శాతమే, కానీ గది వేడికే 2 బార్ చుట్టూ తీసుకుంటుంది, వదుల్తుంది, అడిగే వేడి 31 కిలోజౌల్స్. మొదట్లో వచ్చిన హైబ్రిడ్ కార్ల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీల్లో నెగెటివ్ ప్లేటు ఈ కుటుంబానిదే. టైటానియం ఐరన్‌లో 1.8 శాతం పైన, 28 కిలోజౌల్స్, ధర తక్కువ, 1974లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ ల్యాబ్ నించి రెయిలీ, విస్వాల్ అనే ఇద్దరు దీని మీద పేపరు వేశారు. నాలుగోది సోడియం అలనేట్, అంటే సోడియం అల్యూమినియం హైడ్రైడ్. దాన్లో 7.4 శాతం ఉన్నా చేతికొచ్చేది 5.6 శాతమే, అది కూడా రెండు అంచెల్లో, ముందు 3.7, తర్వాత 1.9.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, ఇది నాకు చాలాసార్లు పనికొచ్చింది. గది వేడికి ఒక బార్ దగ్గర హైడ్రోజన్ వదిలే హైడ్రైడ్ కావాలంటే దాని బంధం, అంటే ఒక్కో మోల్‌కి అది అడిగే వేడి, సుమారు 39 కిలోజౌల్స్ దగ్గర ఉండాలి. అంతకన్నా చాలా ఎక్కువైతే పట్టుకుని కూర్చుంటుంది, చాలా తక్కువైతే నిలవదు. మెగ్నీషియం 75, అంటే దాదాపు రెట్టింపు. ఈ ఒక్క అంకె చూస్తే ఎవరు ఎక్కడ సరిపోతారో సగం తేలిపోతుంది.

సరే, ఇప్పుడు నానో. పెద్ద మెగ్నీషియం గింజలో హైడ్రోజన్ పెడితే ముందు పైన హైడ్రైడ్ పెచ్చు కడుతుంది, ఆ పెచ్చులోంచి హైడ్రోజన్ లోపలికి పాకడం మహా నెమ్మది, లోపల మెగ్నీషియం అలాగే మిగిలిపోతుంది. బాల్ మిల్లులో, అంటే లోపల స్టీలు బంతులు పొడిని దంచే జాడీలో పడేసి గంటల తరబడి కొడితే గింజ లోపలి స్ఫటికాలు 10 నానోమీటర్ల చుట్టూ వస్తాయి, కొత్త కొత్త అంచులు, పగుళ్ళు వస్తాయి, హైడ్రోజన్‌కి దారి దొరుకుతుంది, గంటలు పట్టేది నిమిషాల్లోకి వస్తుంది. ఇంతవరకూ అందరూ రాస్తారు. కానీ దాని పక్కనే రాయాల్సిన మాట, వేడి అలాగే ఉంది. బియ్యం నూక చేస్తే ఉప్మా తొందరగా ఉడుకుతుంది కదా, అలాగని నూక చల్లనీళ్ళలో ఉడకదు, నీళ్ళు మరగాల్సిందే. మిల్లింగ్ అంటే నూక చెయ్యడం. 10 నానోమీటర్ల మెగ్నీషియం హైడ్రైడ్ కూడా ఆ 75 కిలోజౌల్స్ చుట్టూనే అడుగుతుంది.

మరి ఇంకా సన్నం చేస్తే బంధమే బలహీనపడదా అని మేనల్లుడు అడిగాడు, మంచి ప్రశ్న. పడుతుంది, కానీ ఎంత సన్నం అన్నదే చిక్కు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ వాళ్ళు 2005లో కంప్యూటర్ మీద లెక్క కట్టి చూపించారు, స్ఫటికం 1.3 నానోమీటర్ల కిందికి వస్తే గానీ మెగ్నీషియం హైడ్రైడ్ బంధం చెప్పుకోదగ్గట్టు తగ్గదు, 0.9 దగ్గర అయితే 200 డిగ్రీలకి వదులుతుంది. 0.9 నానోమీటర్లంటే చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని వరసల పరమాణువులు. మిల్లుతో అది రాదు. కార్బన్ ఏరోజెల్ లాంటి, ఒళ్ళంతా సన్నని బొరియలున్న పదార్థంలో నింపి పట్టి ఉంచాలి, దాన్నే నానో కన్ఫైన్‌మెంట్ అంటారు. అప్పుడు ఆ బొరియల బరువు ఎవరు మొయ్యాలి? సగం బరువు కార్బన్‌దే అయితే 7.6 శాతం కాస్తా 3.8 అయిపోయింది. పేపర్లలో కొన్నిచోట్ల హైడ్రైడ్ బరువు మీదే శాతం వేసి గొప్పగా రాస్తారు, మీరు మాత్రం అలా రాయకండి, మొత్తం పొడి బరువు మీదే వెయ్యండి, అడిగినా అడక్కపోయినా. నా ఉద్దేశంలో మన వైపు కాలేజీల్లో గ్లోవ్ బాక్స్ (గాలి తగలకుండా చేతితొడుగులతో పనిచేసే పెట్టె) లేకుండా కన్ఫైన్‌మెంట్ జోలికి పోవడం వృథా.

నానోకి ఇంకో శత్రువు ఉంది, వాడే వేడి. 300 డిగ్రీల దగ్గర మళ్ళీ మళ్ళీ నింపి వదిలితే సన్నని స్ఫటికాలు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవైపోతాయి. కష్టపడి 20 గంటలు మిల్లు తిప్పి తెచ్చిన నానో కొన్ని పదుల సైకిళ్ళలో (ఒకసారి నింపి వదిలితే ఒక సైకిల్) కరిగిపోతుంది. అందుకే మొదటి మూడు సైకిళ్ళ గ్రాఫు పెట్టి అద్భుతం అన్న రిపోర్టు నేను నమ్మను, 20 సైకిళ్ళయినా చూపించాలి, 50 అయితే ఇంకా మంచిది.

ఇక డోపింగ్. ఇక్కడ అసలు గందరగోళం ఏంటంటే ఈ ఒక్క మాటతో జనం రెండు వేరు వేరు పనుల్ని పిలుస్తారు. ఒకటి, పొడి మీద కొంచెం క్యాటలిస్ట్ (తను ఖర్చవకుండా పని తొందరపెట్టే పదార్థం) కలపడం, ఇది పోపు లాంటిది. రెండోది, లోహం స్ఫటికంలోనే ఒక పరమాణువు తీసి ఇంకో పరమాణువు పెట్టడం, ఇది మినప్పప్పు తీసి పెసరపప్పుతో అట్టు వెయ్యడం, పిండే మారిపోయింది. పోపు మార్చితే రుచి వస్తుంది గానీ మినపట్టు పెసరట్టు అవదు.

పోపు రకానికి పేరున్న ఉదాహరణ నయోబియం ఆక్సైడ్. 2003లో జర్మనీలో గీస్టాక్ట్ దగ్గర పరిశోధన కేంద్రం వాళ్ళు మిల్లు చేసిన మెగ్నీషియంకి దీన్ని కొంచెం కలిపితే 300 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ నింపడం, వదలడం నిమిషాల్లో అయిపోయింది. ఉపరితలం మీద హైడ్రోజన్ అణువు రెండుగా విడిపోడానికీ మళ్ళీ జతకట్టడానికీ ఇది సాయపడుతుంది, అడ్డుగా ఉన్న గుట్టని తగ్గిస్తుంది. సాలూరు నించి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్టు వెళ్ళినవాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. రోడ్డు వెడల్పు చేసి, మలుపులు తీసేసి, మధ్యలో సొరంగం తవ్వినా ప్రయాణం తొందరగా అవుతుందేమో గానీ సాలూరు కిందే ఉంటుంది, కోరాపుట్టు పైనే ఉంటుంది, ఆ ఎత్తు ఎక్కాల్సిందే. ఆ ఎత్తు 75 కిలోజౌల్స్. క్యాటలిస్ట్ దాన్ని ముట్టుకోదు. నయోబియం ఆక్సైడ్ కలిపాను, 200 డిగ్రీలకే వదులుతోంది అని ఎవరైనా అంటే ఏ ప్రెషర్ దగ్గర అని అడగండి, వాక్యూమ్‌లోనో ఆర్గాన్ ఊదుతూనో కొలిచి ఉంటారు, అప్పుడు ఫ్యూయల్ సెల్‌కి (హైడ్రోజన్‌తో కరెంటు తీసే పరికరానికి) కావాల్సిన ప్రెషర్ రాదు.

సోడియం అలనేట్ కథ వేరు, అక్కడ డోపింగ్ లేకపోతే ఆ పదార్థమే పనికి రాకుండా పోయేది. దాని బంధం మొదటి అంచెలో 37, రెండో అంచెలో 47 కిలోజౌల్స్, అంటే లెక్క ప్రకారం మొదటి అంచె గది వేడి కన్నా కాస్త పైన, రెండోది 110 డిగ్రీల దగ్గర జరగాలి. కానీ మామూలుగా అది కదలదు, వదిలిన హైడ్రోజన్ మళ్ళీ ఎక్కించడం అసలు కుదరదనుకునేవారు. 1997లో జర్మనీ ముల్‌హైమ్‌లో మాక్స్ ప్లాంక్ బొగ్గు పరిశోధన సంస్థ నించి బోగ్డనోవిచ్, ష్విక్కార్డి కొంచెం టైటానియం కలిపి, అది వెనక్కి కూడా నడుస్తుందని చూపించారు. ఈ ఒక్క పేపరుతో రంగం మొత్తం మారిపోయింది. చూశారా తేడా, ఇక్కడ ఎత్తు తక్కువే, అడ్డుగా గుట్ట ఒక్కటే ఉంది, గుట్ట తీసేస్తే దారి తెరుచుకుంది. మెగ్నీషియంలో గుట్ట తీసినా ఎత్తు మిగిలింది. ఏ పదార్థానికి ఏ మందు అన్నది ఇక్కడే తేలుతుంది.

అయితే ఆ టైటానియం ఉచితంగా రాదు. టైటానియం క్లోరైడ్ కలిపితే అది అలనేట్‌తో కలబడి ఉప్పు తయారవుతుంది, అవును మనం తినే సోడియం క్లోరైడే, అది బరువు పెంచడం తప్ప చేసేదేం లేదు. పైగా కొంత అలనేట్‌ని తినేస్తుంది. 5.6 అని రాసుకున్నది చేతికి వచ్చేసరికి 4 చుట్టూ తిరుగుతుంది. డోపింగ్ ఎక్కువ చేస్తే ఇంకా వేగం అనుకుని పెంచుకుంటూ పోతే వేగం పెరక్కపోగా నిల్వ తగ్గుతుంది, 2 మోల్ శాతం దగ్గర ఆగడం మంచిది.

అట్టు మార్చే రకం డోపింగ్‌కి వస్తే, రెండు డోపింగుల్లో నిజంగా ప్రెషర్నీ వేడినీ మార్చే పని ఇదొక్కటే చేస్తుంది. లాంథనం నికెల్ ఫైవ్‌లో కొంచెం నికెల్ తీసి అల్యూమినియం పెడితే గది వేడి దగ్గర ప్రెషర్ 2 బార్ నించి బార్‌లో సగానికి పడిపోతుంది, టిన్ను పెడితే సైకిళ్ళు ఎక్కువ తట్టుకుంటుంది. మెగ్నీషియంకి నికెల్ కలిపి మెగ్నీషియం నికెల్ హైడ్రైడ్ చేస్తే బంధం 75 నించి 64కి దిగుతుంది, కానీ నిల్వ 7.6 నించి 3.6కి పడిపోతుంది. అంటే 11 కిలోజౌల్స్ కోసం సగానికి సగం సమర్పించుకున్నాం. నాకైతే ఆ బేరం నచ్చదు, నికెల్ ఖరీదు కూడా కలుపుకుంటే అస్సలు నచ్చదు.

టైటానియం ఐరన్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు ఇష్టమైన పదార్థం అదే, మన ఊరి పక్క ముచ్చట కూడా. బరంపురం పక్కనే ఛత్రపురంలో ఐఆర్ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళు సముద్రపు ఇసకలోంచి ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ వేరు చేస్తారు. ఇల్మనైట్ అంటే ఐరనూ టైటానియమూ ఆక్సిజనూ, అంతే. మోనజైట్‌లో లాంథనం, సీరియం ఉంటాయి. అంటే గది వేడికి పనిచేసే రెండు హైడ్రైడ్ల ముడిసరుకూ, నికెల్ తప్ప, మన గంజాం ఒడ్డున ఇసకలో ఉంది. ఇసక నించి టైటానియం లోహం దాకా దారి పెద్దదే, దేశంలో టైటానియం స్పాంజ్ (ముడి లోహం) కేరళలో చవర దగ్గర తయారవుతుంది. అయినా ఈ మాట పిల్లలకి చెప్పినప్పుడు వాళ్ళ మొహాల్లో వచ్చే వెలుగు చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

టైటానియం ఐరన్‌కి ఉన్న జబ్బు ఒకటే, మొదటిసారి నోరు తెరవదు. గాలి తగిలితే పైన ఆక్సైడ్ పొర కట్టి మూసుకుపోతుంది. 400 డిగ్రీల దాకా వేడి చేసి, చల్లార్చి, 60 బార్లకి పైన హైడ్రోజన్ పెట్టి, మళ్ళీ మళ్ళీ అలా చేస్తే గానీ మొదలవదు. నా మొదటి దిమ్మ, అంటే కరిగించి చేసిన లోహపు ముద్ద, నాకు బాగా గుర్తు. వేలెడంత స్టీలు గొట్టంలో ముక్కలు వేసి, వేడి చేసి, చల్లార్చి, హైడ్రోజన్ వదిలి గేజ్ ముందు కూర్చునేవాణ్ణి, ముల్లు కదిలేది కాదు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు అలాగే అయింది. ఆరోసారి టీ తాగొచ్చి చూస్తే ముల్లు మెల్లగా కిందికి జారుతోంది, గొట్టం మీద చెయ్యి పెడితే టీ గ్లాసంత వేడిగా ఉంది. హైడ్రోజన్ లోపలికి వెళ్తే వేడి వస్తుందని పుస్తకంలో చదివింది అరచేతికి తగిలిన రోజు అది. గొట్టం విప్పితే ముక్కలు లేవు, బూడిద రంగు పొడి ఉంది, ఉబ్బి తనంతట తనే పగిలిపోయింది.

తర్వాత కొంచెం ఐరన్ తీసి మాంగనీస్ పెట్టిన దిమ్మతో చేస్తే ఆ తంతు చాలావరకూ తప్పింది, గది వేడికి దగ్గర్లోనే నోరు తెరిచింది, పనిచేసే ప్రెషర్ కూడా దిగింది. ఇది డోపింగ్ చేసిన మేలు. నానో చేసినా, అంటే మిల్లు చేసినా లేదా రోలింగ్ మిల్లులో నలిపినా, మొదలవడం తేలికవుతుంది, కానీ ఎక్కువ సేపు కొడితే నిల్వ తగ్గుతుంది, లాంథనం నికెల్ ఫైవ్‌లో ఇది ఇంకా గట్టిగా కనపడుతుంది. అందుకని గది వేడి మిశ్రమాలకి నా ఓటు డోపింగ్‌కే. వీటికి వేగం సమస్య ముందునించీ లేదు, లేని జబ్బుకి నానో మందు ఎందుకు?

మెగ్నీషియం దగ్గరికి వస్తే ప్రశ్నే తప్పు, నానోనా డోపింగా అని విడదీయకూడదు, రెండూ ఒకే జాడీలో జరుగుతాయి. మిల్లు చేస్తూ 1 శాతం చుట్టూ క్యాటలిస్ట్ వెయ్యండి, గోడకి అంటుకోకుండా కొంచెం గ్రాఫైట్ వెయ్యండి, అంతే. స్టీలు బంతుల నించి ఐరన్ కూడా పొడిలో కలుస్తుంది, అదీ కాస్త క్యాటలిస్టే, కాబట్టి క్యాటలిస్ట్ వెయ్యని పొడిని కూడా అదే జాడీలో అన్నే గంటలు తిప్పి పోల్చండి, లేకపోతే ఎవరి ఘనత ఎవరికిచ్చారో తెలీదు.

ఇప్పుడు అసలు ఎంపిక, మీ అవసరాన్ని బట్టి. మీకు కావాల్సింది కదలకుండా ఒకచోట ఉండే నిల్వ అనుకోండి, సోలార్ ప్యానెల్ మీద నీళ్ళని విడదీసి హైడ్రోజన్ ఇచ్చే చిన్న ఎలక్ట్రోలైజర్, రాత్రికి చిన్న ఫ్యూయల్ సెల్, అలాంటిదానికి బరువు పట్టించుకోనక్కర్లేదు. కిలో హైడ్రోజన్‌కి లాంథనం నికెల్ అయితే 70 కిలోల పొడి, టైటానియం ఐరన్ అయితే 55 కిలోల చుట్టూ, ఉండనివ్వండి, మూల పడుంటుంది. టైటానియం ఐరన్ మాంగనీస్ తీసుకోండి, ఆ దిమ్మ దొరక్కపోతే లాంథనం నికెల్‌తో మొదలుపెట్టండి, అది క్షమించే పదార్థం, చేసే తప్పులు తట్టుకుంటుంది. జర్మనీ వాళ్ళ 212 రకం సబ్‌మెరైన్లలో హైడ్రోజన్ ఇలాంటి లోహపు సిలిండర్లలోనే ఉంటుంది, నీటికింద బరువు బాధ లేదు, భద్రతే ముఖ్యం కాబట్టి.

దగ్గర్లో 300 డిగ్రీలకి పైన వృథాగా పోయే వేడి ఉందా, అప్పుడు మాత్రం మెగ్నీషియం. రాయగడ జిల్లా తేరుబలిలో ఫెర్రో ఎల్లాయ్ ఫర్నేసులు ఉన్నాయి కదా, అలాంటి చోట్ల వేడి ఊరికే పోతుంది. ఆ వేడి లేకుండా మెగ్నీషియం పెట్టుకుంటే దాని హైడ్రోజన్లో దాదాపు 30 శాతం శక్తి దాన్ని విడిపించుకోడానికే ఖర్చు. లెక్క మీరే చూడండి, కిలో హైడ్రోజన్ కాలిస్తే 120 మెగాజౌల్స్, మెగ్నీషియంలోంచి ఆ కిలో తియ్యడానికి 37. లాంథనం నికెల్‌కి 15 చాలు, అదీ గది వేడి స్థాయిలోది, ఫ్యూయల్ సెల్ వెచ్చదనమే ఇచ్చేస్తుంది.

బండికి కావాలా అంటే నిజం చెప్పాలి, ఈ నాలుగింట్లో ఏదీ ఇంకా సుఖంగా సరిపోలేదు. అమెరికా ఇంధన శాఖ 2025కి పెట్టుకున్న లక్ష్యం ట్యాంకు మొత్తం బరువు మీద 5.5 శాతం. పొడి మీద కాదు, ట్యాంకూ గొట్టాలూ అన్నీ కలిపి. పొడే 4 శాతం ఉన్న అలనేట్‌తో అది ఎలా వస్తుంది? పైగా మామూలు ఫ్యూయల్ సెల్ 80 డిగ్రీల వేడే ఇస్తుంది, అలనేట్‌కి 120 నించి 150 కావాలి. 160 డిగ్రీల దగ్గర నడిచే రకం ఫ్యూయల్ సెల్ పెడితే జత కుదురుతుంది. బనారస్ హిందూ యూనివర్సిటీలో శ్రీవాస్తవ గారి బృందం హైడ్రైడ్ ట్యాంకుతో టూవీలర్లు, త్రీవీలర్లు నడిపి చూపించింది, అవి గది వేడి మిశ్రమాలతోనే, బరువు భరిస్తూ.

ఇంకో విషయం, పొడి ఎంత బాగా చేసినా ట్యాంకులో ఓడిపోవచ్చు. కిలో హైడ్రోజన్ అయిదు నిమిషాల్లో నింపాలంటే లాంథనం నికెల్ ట్యాంకు నించి 50 కిలోవాట్ల వేడి తియ్యాలి, మెగ్నీషియం అయితే 120 కిలోవాట్ల పైనే. సన్నని పొడి వేడిని మొయ్యదు, మధ్యలో పొడి వేడెక్కి తాగడం మానేస్తుంది. అప్పుడు మీ నానో, మీ క్యాటలిస్ట్ ఖాళీగా కూర్చుంటాయి. పొడిలో వేడిని బాగా మోసే ఎక్స్‌పాండెడ్ గ్రాఫైట్ కలిపి బిళ్ళలు నొక్కడం, లోపల రాగి రెక్కలు పెట్టడం, ఇవే అక్కడ గెలిపిస్తాయి. గ్రాము పొడితో వచ్చిన వేగాన్ని కిలో ట్యాంకుకి రాసేసుకోకండి. ట్యాంకు నిండా కుక్కకండి కూడా, లాంథనం నికెల్ నాలుగో వంతు దాకా ఉబ్బుతుంది, గొట్టం పొట్ట ఉబ్బిపోతుంది.

మన ఎండల సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. గది వేడికి 2 బార్ ఉన్న లాంథనం నికెల్ ట్యాంకు మే నెల ఎండలో డాబా మీద 60 డిగ్రీలకి వెళ్తే లోపల 7 బార్ దాటుతుంది. నీడలో పెట్టండి, రిలీఫ్ వాల్వు పెట్టండి. వానాకాలం మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఎలక్ట్రోలైజర్ హైడ్రోజన్ కూడా తడిగానే వస్తుంది, ఆ తడి ఆక్సైడ్ పొర కట్టించి పొడిని మెల్లగా చంపుతుంది, మధ్యలో తేమ పీల్చే సిలికా జెల్ లేదా మాలిక్యులర్ సీవ్ గొట్టం పెట్టకుండా ట్యాంకు తెరవొద్దు.

జాగ్రత్త గురించి ఒక్కటి చెప్పాలి, ఇది నా ఒంటిమీద అనుభవం. నేను చేరిన కొత్తల్లో మేం పనిచేసిన ల్యాబులో గ్లోవ్ బాక్స్ రిపేర్లో ఉంది, నెలల తరబడి ఎవరూ బాగుచేయించలేదు, గైడుకి చూపించాలన్న తొందరలో నేను మిల్లు జాడీ బయటే తెరిచాను. మూత తిప్పగానే అంచు దగ్గర పొడి ఎర్రగా కణకణలాడింది, ఊదితే ఆరుతుందనుకున్నాను, ఇంకా రాజుకుంది. పక్కన బకెట్లో పొడి ఇసక ఉంది కాబట్టి సరిపోయింది, నీళ్ళు పోసి ఉంటే నా చెయ్యి ఉండేది కాదు. మెగ్నీషియం మంట మీద నీళ్ళు గానీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ వాడకూడదు, అది కార్బన్ డయాక్సైడ్‌లో కూడా కాలుతుంది, పొడి ఇసకే. సోడియం అలనేట్ తడి తగిలితే ఇంకా ఘోరం, దాన్ని నేను ఎమ్మెస్సీ పిల్లలకి అస్సలు చెప్పను. పైగా హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కనపడదు, గాలిలో 4 శాతం నించి 75 శాతం దాకా అంటుకుంటుంది, కిటికీలు తెరిచి, పైకప్పు దగ్గర గాలి పోయే దారి ఉంచి చెయ్యండి.

మేనల్లుడు చివరికి టైటానియం ఐరన్ మాంగనీసే తీసుకున్నాడు. మాంగనీస్ లేని దిమ్మ ఒకటి, రెండు మోతాదుల్లో మాంగనీస్ ఉన్నవి రెండు, అన్నీ ఒకే సైజు ముక్కలు, ఒక్కోటి ఎన్నోసారికి నోరు తెరుస్తుందో చూడటం, తర్వాత మూడు వేర్వేరు వేడుల దగ్గర ప్రెషర్ కొలిచి బంధం ఎంతో తనే లెక్క కట్టడం, 30 సైకిళ్ళు. మిల్లింగ్ కావాలంటే ఆఖర్లో ఒక్క దిమ్మకి అరగంట చాలన్నాను. దిమ్మలు కరిగించడానికి ఆర్క్ మెల్టింగ్ (కరెంటు మెరుపుతో లోహం కరిగించే యంత్రం) ఉన్నచోట స్లాట్ దొరికింది. "మావయ్యా, ముల్లు కదలకపోతే?" అని నిన్న ఫోన్ చేశాడు. గొట్టం మళ్ళీ వేడి చెయ్యి నాన్నా, గేజ్ దగ్గరే కూర్చో, టైమూ ప్రెషరూ ప్రతి అయిదు నిమిషాలకీ నోట్‌బుక్కులో రాయి, కదలకపోయినా రాయి అన్నాను.